అదనపు భాష

రాజమహేంద్రవరమున రైలెక్కి, గోదావరి వంతెన దాటి, నిడదవోలు, భీమవరముల మీదుగా నరసాపురము పోవువారికి త్రోవలో పాలకొల్లు తగులును. నేడచట దిగువారు క్షీరారామేశ్వరుని దర్శనమునకో, కొబ్బరి బేరమునకో దిగుదురు. పదునేడవ శతాబ్దమున ఆ ప్రాంతమునకు వచ్చినవారిలో డచ్చి వర్తకులును ఉండిరి. వారు పాలకొల్లునను, నరసాపురమునను, ద్రాక్షారామమునను వర్తకస్థానములు నెలకొల్పి, మన నేతగాండ్రు నేసిన బట్టలను ఓడల కెక్కించి దూరదేశములలో అమ్ముకొనిరి. 1825లో ఆ స్థావరములు ఆంగ్లేయుల వశమైనవి. డచ్చివారు వెడలిపోయిరి. వారి భాషను నేర్వవలసిన అవసరము గోదావరి తీరమున మరి యెవరికిని లేకపోయెను.

అయినను, ఆ భాషకు పుట్టిన బిడ్డ యొకటి వేరొక ఖండమున పెరిగి పెద్దదై, గోదావరి జిల్లానుండి వలసపోయిన కుటుంబముల పిల్లల బడిలోనికి నడచి వచ్చినది. దాని పేరు ఆఫ్రికాన్స్. పసిపిల్లలకు క్రొత్త భాష నెట్లు నేర్పవలెను, ఎట్లు నేర్పరాదు అను రెండు విషయములకును దాని చరిత్రకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

1652లో డచ్చి కంపెనీ ఆఫ్రికా దక్షిణాగ్రమున తన ఓడలకు మంచినీరు, కూరగాయలు అందించుటకై ఒక మజిలీ నేర్పరచెను. అదియే నేటి కేప్‌టౌన్ నగరము. అచటి తోటలలోను, వంటయిండ్లలోను పనిచేయుటకు బంగాళము, కోరమండల్ తీరము, మలబారు, జావా, మడగాస్కరు మున్నగు చోట్లనుండి బానిసలను కొని తెచ్చిరి. పలుదేశములవారు ఒకే యింట చేరి ఒకరితో నొకరు మాటలాడవలసి వచ్చినపుడు యజమాని భాష చెక్కుచెదరక నిలువదు. డచ్చి క్రియల తోకలు రాలిపోయినవి. నామముల లింగభేదము మాసిపోయినది. అరటిపండునకు మలయా మాటయైన ‘పీసాంగ్’, ‘చాల’ అనుటకు మలయానుండియే వచ్చిన ‘బాయె’, ఊరగాయకు ‘అచార్’ వచ్చి చేరినవి. యజమాని బిడ్డలు ఈ మిశ్రమ భాషను దాదుల యొడిలో నేర్చిరి. దాదుల బిడ్డలు వంటయింటి గడపలో నేర్చిరి.

చదువుకొన్నవారు దానిని వంటింటి భాష యని యీసడించిరి. గ్రంథములకు డచ్చి, నోటికి ఆఫ్రికాన్స్ అనునది వారి యేర్పాటు. కేప్‌టౌన్ ముసల్మానులు మాత్రము తమ పిల్లలకు మతపాఠములను ఆ వంటింటి భాషలోనే, అరబ్బీ లిపిలో వ్రాసి బోధించుచుండిరి. అబూబకర్ ఎఫెందీ అను పండితుడు వ్రాసిన అట్టి గ్రంథము 1877లో ఇస్తాంబులున అచ్చుపడినది. 1875లో పార్ల్ అను ఊర కొందరు సంఘముగా కూడి, మాటలాడు భాషయే వ్రాతకును తగునని ఉద్యమించిరి. మరి కొన్ని దశాబ్దములకు మన దేశమున గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగును గూర్చి చేసిన వాదమును ఇది జ్ఞప్తికి తెచ్చును. ఈ పాఠము వ్రాయబడిన తీరును చూచినచో ఆయన చిరునవ్వు నవ్వి, ‘ఇంటిలో ఇట్లే మాటలాడుదురా?’ అని యడిగి యుండెడివారు.

1902లో బోయరు యుద్ధము ముగిసిన పిమ్మట, ఆంగ్లేయుల యేలుబడిలో, బడిలో డచ్చి మాటలాడిన పిల్లవాని మెడలో ‘నేను గాడిదను’ అని వ్రాసిన పలక వ్రేలాడదీసెడివారని ఆ జాతివారు తరతరములుగా చెప్పుకొందురు. 1925లో ఆఫ్రికాన్స్‌కు అధికారభాషా ప్రతిపత్తి లభించెను. పలకలు మెడలనుండి దిగినవి. అవి యెచటికి పోయినవో కొంత యాగి చూడవలెను.

మన కథ డర్బను రేవున మొదలగును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను తీసికొని ఆ రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలు దేశపు చెరకు తోటలకు పోయిరి. అందులో గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి పోయిన తెలుగువా రనేకులు. ఐదేండ్ల ఒప్పందము ముగిసిన పిదప చాలమంది అచటనే స్థిరపడిరి. వారి సంతతివారు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. వారి పిల్లలు పగలు ప్రభుత్వపు బడికిని, సాయంకాలము సంఘమువారు నడుపు తెలుగు బడికిని పోయెడివారు. పగటి బడిలో పాఠములన్నియు ఆంగ్లమున జరుగును. ఆఫ్రికాన్స్ తప్పనిసరిగ చదువవలసిన రెండవ భాష. చెరకుతోటలో ప్రక్కన పనిచేయు జూలూవాని భాషకు మాత్రము ఆ బడిలో చోటు లేదు. పొరుగువానితో మాటలాడుటకు కాక పాలకునికి బదులు చెప్పుటకే భాషను నేర్పించుట అప్పటి పద్ధతి.

ఆ భాషను తెలుగు పిల్ల నేర్వలేకపోవుటకు కారణమేమియు లేదు. నేడు ఉద్యోగములకై జోహాన్నెస్‌బర్గు పోయి, ఇంట తెలుగే మాటలాడు కుటుంబములోని ఆరేండ్ల పిల్లను తలచుకొనుడు. ఆమె ‘నేను వస్తాను, నువ్వు వస్తావు, ఆమె వస్తుంది, మేము వస్తాము’ అని ప్రతి మనిషికి ఒక తోక తగిలించుటకు అలవాటుపడినది. ఆఫ్రికాన్స్‌లో ‘ఎక్ కొమ్, యెయ్ కొమ్, హెయ్ కొమ్, ఓన్స్ కొమ్’: నేనైనను, నీవైనను, అతడైనను, మేమైనను క్రియ ఒక్కటే. ‘మనము’, ‘మేము’ అను భేదము కూడ లేదు. రెంటికిని ‘ఓన్స్’ చాలును. ఇది ఆమెకు సెలవుదినము వంటిది. ‘నేను అరటిపండు తిన్నాను’ అనుటకు ‘ఎక్ హెట్ అ పీసాంగ్ ఖెఎట్’ అందురు. తినుటను తెలుపు మాట తెలుగులోవలెనే వాక్యము చివరకు వచ్చి కూర్చుండును. రావులపాలెము సంతలో అరటిగెలలు చూచి పెరిగిన పిల్లకు ఇంతకంటె దగ్గరి వాక్యమేమి కావలెను?

మర్యాదల విషయమున ఆమె మరింత ధనవంతురాలు. ఆఫ్రికాన్స్ మాటలాడు పిల్లలు చుట్టము కాకపోయినను పెద్దవాడైన ప్రతి పురుషుని ‘ఊమ్’ అనియు, పెద్దదైన ప్రతి స్త్రీని ‘టన్నీ’ అనియు పిలుతురు. అనగా బాబాయి, పిన్ని. పెద్దలయెదుట ‘యెయ్’ అనగా ‘నువ్వు’ అని నోరుజారుట తప్పు. మాటమాటకు ‘అండీ’ చేర్చనిదే పెద్దలతో పలుకని గోదావరి బిడ్డకు ఇది యొకరు నేర్పవలసిన పనిలేదు.

కష్టములును లేకపోలేదు. ‘గ’ గుర్తు కనబడినచోట గొంతు గీరుకొనుచు ‘ఖ’ వంటి ధ్వని పలుకవలెను. శుభోదయమునకు ‘ఖూయె మోరె’ అందురు. కాదనుటకు ఒక ‘నీ’ చాలదు, వాక్యము చివర రెండవ ‘నీ’ కావలెను: ‘ఎక్ కన్ నీ కొమ్ నీ’ అనగా ‘నేను రాలేను’. తెలుగు చెవికి ‘నీ’ యనగా నీది. పిల్ల మొదట రెండు దినములు నవ్వి, మూడవ దినమున తానే అనుట మొదలిడును.

సంఖ్యలు చెప్పునపుడు ఇంట తాతగారున్నచో ఇంకను వేడుక. రెండు ‘ట్వీఅ’, మూడు ‘ద్రీ’, ఆరు ‘సెస్’, ఏడు ‘సీఅవె’, ఎనిమిది ‘అఖ్ట్’, తొమ్మిది ‘నీఅఖె’. ద్వి, త్రి, షట్, సప్త, అష్ట, నవ అని సంస్కృతము చదివినవారు వెంటనే తలయూపుదురు. ఇరువదియొకటి అనుటకు వారు ‘ఒకటియు నిరువదియు’ అందురు. సంస్కృతమున ఏకవింశతి యనునదియు అట్టిదే. తెలుగు పదిని ముందుంచును, ఆ రెండును ఒకటిని ముందుంచును. తాతగారికి కలుగు ఈ యానందమును పిల్లకు వ్యాకరణ పాఠముగా మార్చకున్న చాలును.

ఏలయన, పసిపిల్లలకు భాష నేర్పుటలో పెద్దలు చేయు మొదటి తప్పు తమకు రుచించిన దానిని వారికి పెట్టుట. శబ్దములను, పట్టికలను కంఠస్థము చేయించుట పదునాలుగేండ్ల వానికి పనికివచ్చునేమో కాని ఆరేండ్ల పిల్లకు చెవియే పుస్తకము. ఉపాధ్యాయురాలు ‘స్టాన్ ఓప్’ అని తాను లేచి నిలిచి, ‘కొమ్ హీర్’ అని చేయి చాచి పిలిచినచో అర్థము చెప్పనక్కరలేదు. పిల్ల కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, నోరు విప్పక విని యూరకుండును. తల్లిదండ్రులు కంగారుపడుదురు. చంటిబిడ్డ తొలి మాట పలుకుటకు దాదాపు సంవత్సరము పట్టినదని మరచిపోదురు. ఆ మౌనము సోమరితనము కాదు, నాటిన వరి వేరుపట్టు కాలము.

తప్పును దిద్దుటలోను ఒక నేర్పున్నది. పిల్ల రెండవ ‘నీ’ని విడిచి ‘ఎక్ కన్ నీ కొమ్’ అన్నది. ఉపాధ్యాయురాలు కన్నెఱ్ఱచేయక, ‘ఓ, యెయ్ కన్ నీ కొమ్ నీ?’ అని సానుభూతితో అడుగును. సరియైన వాక్యము పిల్ల చెవిలో పడినది, అవమానము పడలేదు. ఇట్లు పదిమారులు జరిగిన పిదప తప్పు తనంతతానే మాయమగును. అదే పాట, అదే కథ, అదే బొమ్మ పదేపదే వచ్చినను పిల్లలకు విసుగు పుట్టదు. విసుగు పుట్టునది పెద్దలకే.

అక్షరములు తరువాతి మాట. ఎందులకో తెలుపు చక్కని వాక్యమొకటి ఉన్నది. ‘నా చేయి గోరువెచ్చని నీటిలో నున్నది’ అను అర్థముగల వాక్యమును ఆంగ్లమునను, ఆఫ్రికాన్స్‌లోను ఒక్క అక్షరము తేడా లేక వ్రాయుదురు. ఆంగ్లముగ చదివిన ‘మై హ్యాండ్ ఈజ్ ఇన్ వార్మ్ వాటర్’, ఆఫ్రికాన్స్‌గ చదివిన ‘మెయ్ హంట్ ఇస్ ఇన్ వరమ్ వాటర్’. ధ్వని చెవిలో స్థిరపడిన పిల్ల దీనిని చూచి చప్పట్లు కొట్టును. ధ్వని తెలియక ముందే అక్షరములు చూచిన పిల్ల ఏది ఎట్లు చదువవలెనో తోచక బిక్కమొగము వేయును. ఇంటి భాషలో చదువుట కుదిరిన పిమ్మట రెండవ భాషలో చదువుట సులభమనుట కిదియే కారణము. చదువుట యను విద్యను మనిషి ఒక్కమారే నేర్చును. లిపులు ఎన్నియైనను తరువాత దానికి తగిలించుకొనవచ్చును.

2012 మొదలు దక్షిణాఫ్రికాలో మొదటి తరగతినుండియే ‘మొదటి అదనపు భాష’ను నేర్పుచున్నారు. డర్బను ప్రాంతపు బడులలో అది ఆఫ్రికాన్స్ కావచ్చును, జూలూ కావచ్చును. పేరు ఆలోచించి పెట్టినట్లున్నది. అదనమనగా ఉన్నదానికి చేర్చునది. ఉన్నదానిని తీసివేసి ఆ చోట పెట్టునది అదనము కాదు.

ఈ భేదము ఆ దేశమునకు ఊరక తెలిసిరాలేదు. మెడనుండి దిగిన పలకల మాట ఇచటనే వచ్చును. 1948లో అధికారమునకు వచ్చిన వర్ణవివక్ష ప్రభుత్వము 1974లో నల్లజాతి పిల్లల బడులలో గణితము, సాంఘికశాస్త్రము మున్నగు పాఠములను ఆఫ్రికాన్స్‌లోనే చెప్పవలెనని ఆజ్ఞాపించెను. బోధించుటకు పలువురు ఉపాధ్యాయులకే ఆ భాష చాలినంత రాదు. పిల్లలకు లెక్క తెలియలేదా, భాష తెలియలేదా అని చెప్పగలవా డెవ్వడు? 1976 జూను 16వ తేదీన సొవేటో పట్టణమున వేలకొలది విద్యార్థులు బడులు వదలి వీథులలో నడచిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. మరణించినవారిలో హెక్టర్ పీటర్సన్ అను బాలు డొకడు. పండ్రెండేండ్లవాడు. తరువాతి నెలలలో దేశమంతట వ్యాపించిన అలజడిలో వందలకొలది ప్రాణములు పోయినవి. ఆ దినమును నేడా దేశము యువజన దినముగ పాటించుచున్నది.

ఆఫ్రికాన్స్ చేసిన పాపమేమి? అది బానిసలును, దాదులును, వంటవారును కలిసి పెంచిన భాష. గాడిద పలక మోసిన భాష. ఏబదియేండ్లలో అదియే పరుల పిల్లల మెడకు పలకయైనది. భాషకు చేతులు లేవు, పలక కట్టినవి మనుష్యుల చేతులు. దెబ్బతిన్నవాడు దెబ్బ యొక్క నొప్పిని మరువడని లోకు లందురు కాని ఈ విషయమున అందరును మరచినట్లే కనబడుచున్నది.

నేటాలు తెలుగువారి నష్టము వేరు విధమైనది. అచట తుపాకి ప్రేలలేదు. ఆంగ్లము వచ్చినది, ఆఫ్రికాన్స్ వచ్చినది, తెలుగు సాయంకాలమునకు జరిగినది. సాయంకాలము పిల్లలు అలసియుందురు. కొంతకాలమునకు తెలుగు పండుగలకు, భజనలకు జరిగినది. 1980 తరువాతి దశకమున బడులలో భారతీయ భాషలకు చోటు కల్పించిరి కాని అప్పటికి తెలుగులో జోలపాడు తల్లులు తక్కువైరి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము ఆదరింపవలసిన భాషలలో తెలుగును పేరు పెట్టి చెప్పినది. ఇది గర్వింపదగినదే. అయినను, ఒప్పందపు కూలీల సంతతివారిలో నేడింట తెలుగు మాటలాడువారు మిక్కిలి యరుదు. నాయుడు మున్నగు ఇంటిపేర్లు నిలిచినవి. ఆ పేరు గల బాలునికి ‘అన్నము తిన్నావా?’ యని అడిగిన తెలియదు. రాజ్యాంగము చోటీయగలదు కాని జోల పాడలేదు.

ఇది సముద్రమునకు ఆవల జరిగినదని తెలుగుదేశము నిశ్చింతగ నుండరాదు. 2009లో కడప జిల్లాలోని ఒక బడిలో తెలుగు మాటలాడిన పిల్లల మెడలలో ‘ఇకమీదట తెలుగు మాటలాడను’ అను భావముగల అట్టలు వ్రేలాడదీసిన వార్త పత్రికలలో వచ్చి అలజడి రేపెను. వందేండ్ల నాటి గాడిద పలకయే అది; భాషలు మాత్రము మారినవి. రాజమహేంద్రవరపు వీథులలో నేడు మూడేండ్ల బిడ్డకు తల్లి ‘కాకి’ని చూపి ఆంగ్లమున పేరు చెప్పించుట కద్దు. ఆ తల్లిని నిందించుట తేలిక. ఆంగ్లము రాని కారణమున భర్తకో, అన్నకో ఉద్యోగము తప్పిపోవుట ఆమె చూచియుండును. ఆమె భయము నిజమైనది. ఆమెకు చెప్పబడిన ఉపాయమే అబద్ధము. తెలుగు తగ్గినంత మేరకు ఆంగ్లము పెరుగునని యెవరో ఆమెను నమ్మించిరి. పిల్ల తల చిన్న కుండ కాదు, ఒకటి పారబోయనిదే మరియొకటి పట్టదనుటకు. ఇంట తెలుగులో కథ విని, ‘ఎందుకు?’ ‘ఎలా?’ అని తెలుగులో వాదించిన పిల్లకే రెండవ భాషలో చెప్పుటకు విషయ ముండును.

ఇక తెలుగువారు అడుగుకొనవలసిన ప్రశ్న మరియొకటి యున్నది; అది పై వానికంటె ఇబ్బందియైనది. రాజమహేంద్రవరమునుండి పాపికొండల మీదుగా గోదావరి వెంట ఎగువకు పోయిన కోయవారి పల్లెలు వచ్చును. ఆ పిల్లలకు ఇంటి భాష కోయ. బడిలోని తెలుగు వారికి అదనపు భాష. సొంత రాష్ట్రమునకై ప్రాణములర్పించిన తెలుగు, అచట పాలకుల భాష.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతి మిక్కిలి ముందుగనే గ్రహించిరి. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, కొండలనుండి వచ్చు సవరల మాట వినుచు ఆ భాష నభ్యసించి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి బడులు నడపిరి. ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడెను. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. 1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రమున చేరినపుడు ఆ ఊరు వదలి రాజమహేంద్రవరము వచ్చి నివసించిరి. తెలుగుకై పోరాడినవాడే సవరకు బడి కట్టుట యందు విరోధ మేమియు ఆయనకు తోచలేదు. 2000 తరువాత ఆంధ్రప్రదేశమున కోయ, సవర మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపిలో, తొలి తరగతుల వాచకములు తయారైనవి. పుస్తకములున్నచోట ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు ఉండవలెను. అన్నిచోట్ల ఉండుట లేదు.

కూనవరము పరిసరములలో, శబరి గోదావరిలో కలియు చోటికి చేరువనున్న ఒక పల్లెకు తెలుగు తప్ప మరి యెరుగని ఉపాధ్యాయుడు వచ్చెననుకొందము. మొదటి దినమున గ్లాసుతో నీళ్ళు చూపి ‘ఇది ఏమి?’ అని యడుగును. పాప ‘ఏరు’ అనును. కోయభాషలో నీటిని ఏరనియే అందురు. ఉపాధ్యాయుని చెవికి ఏరనగా వాగు, నది. ఆయన ‘తప్పు, కూర్చో’ యని మరియొక పిల్లవానిని అడుగవచ్చును. లేక, నల్లబల్లమీద ఆ పాప చెప్పిన మాటను వ్రాసి, దాని ప్రక్కన ‘నీళ్ళు’ అని వ్రాసి, వాకిటిలోనికి పిల్లలనందరిని తీసికొనిపోయి, క్రింద పారుచున్న శబరిని చూపి, ‘దీనిని మీరేమందురు?’ అని వారినే అడుగవచ్చును.